మనిషెత్తు ట్రైపాడ్ మనకెందుకు?

ప్రశ్న: సర్, నా దగ్గర కెనాన్ 1500డి ఉంది. దాంతో వచ్చిన 18-55, తర్వాత విడిగా కొన్న 55-250 లెన్సులు ఉన్నాయి. ఈ చలికాలం ఫ్రెండ్స్‌తో వంజంగి కొండ ఎక్కుదామని ప్లాన్. అటునుంచి అరకు, సెలవు దొరికితే తర్వాత గండికోట. ఆన్‌లైన్‌లో ఒక ట్రైపాడ్ చూశాను. బరువు 900 గ్రాములే, ఎత్తు 65 అంగుళాలు, 10 కిలోలు మోస్తుందట, ధర 2 వేల లోపు. గట్టిగా లాగితే నా బడ్జెట్ 5 వేలు. అది తీసేసుకోమంటారా?
- ఒక బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. ఎందుకు వద్దంటున్నానంటే, కొన్నేళ్ల కిందట అచ్చం అలాంటిదే కొని అదే వంజంగి కొండ మీదికి మోసుకెళ్లిన మహానుభావుణ్ణి నేనే. చీకట్లో టార్చి వేసుకుని ఎక్కాం. తూర్పున ఎరుపు మొదలవుతుండగా ట్రైపాడ్ నిలబెట్టి, ముందు జనం తలలు అడ్డొస్తున్నాయని మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగి, 250 దగ్గర జూమ్ పెట్టి వరసగా నొక్కుకుంటూ పోయాను. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద అన్నీ అద్భుతంగానే కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే మబ్బుల్లోంచి తేలిన ప్రతి కొండకీ రెండేసి అంచులు! గాలికి ట్రైపాడ్ సన్నగా వణుకుతూనే ఉంది, నాకే తెలియలేదు. ఆ రోజు మొత్తానికి పదునుగా వచ్చిన ఫొటో ఒక్కటే, అది కూడా విసుగొచ్చి బ్యాగుని రాయి మీద పడేసి దాని మీద కెమెరా ఆనించి తీసింది.

ఇంతకీ 900 గ్రాముల్లో, 2 వేల రూపాయల్లో 65 అంగుళాల ఎత్తు ఎలా ఇస్తున్నారంటారు? కాళ్లు సన్నం చేసి, ముక్కలు పెంచి, పైన పొడవాటి మధ్య కడ్డీ ఒకటి తగిలించి. అట్ట మీద రాసే ఎత్తు ఆ కడ్డీని మొత్తం లాగితే వచ్చేది. కడ్డీ అంతా పైకి లాగారంటే మీ కెమెరా నిలబడింది మూడు కాళ్ల మీద కాదు, ఒంటికాలి మీద.

ఇక 10 కిలోల సంగతి. మీ కెమెరా బ్యాటరీతో సహా 475 గ్రాములు, పెద్ద లెన్సు ఇంకో 390 దాకా ఉంటుంది, రెండూ కలిపినా కిలో కాదు. విరక్కుండా మోయడం వేరు, వణక్కుండా పట్టుకోవడం వేరు, ఆ అంకె మొదటిదాని గురించే చెబుతుంది, పైగా దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కగడుతుంది. నేనైతే ఆ అంకె అసలు చూడను. నేను చూసేది కాలి మందం. మామూలుగా నాలుగు ముక్కల కాలులో పై గొట్టం 22 మిల్లీమీటర్లు ఉంటే తర్వాతవి 19, 16, 13 ఇలా మూడేసి తగ్గుతూ వస్తాయి. ఇది చూడ్డానికి పెద్ద తేడా అనిపించదు కానీ, ఒకే మందం రేకుతో చేసిన గొట్టాల్లో వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి (వ్యాసం × వ్యాసం × వ్యాసం) మారుతుంది, కాబట్టి 13 మి.మీ. గొట్టానికి ఉండే బిగువు 22 మి.మీ. దానిలో ఐదో వంతే. అదే ఐదు ముక్కల ట్రైపాడ్ అయితే చివరిది 10 మి.మీ.కి దిగిపోతుంది. అది కాలు కాదు, కొబ్బరి పుల్ల. అందుకే మడిస్తే బుజ్జిగా బ్యాగులో పట్టేస్తుందని ఐదు ముక్కలది కొనకండి. నాలుగు ముక్కలది మడిస్తే 40-45 సెంటీమీటర్లుంటుంది, బ్యాగు పక్కన నీళ్ల బాటిల్ జేబులో నిలబెట్టి, పైన పట్టీతో బిగిస్తే చాలు.

ధర, బరువు, ఎత్తు, బిగువు. 5 వేలల్లో ఈ నాలుగూ కుదరవు, ఒకటి వదులుకోవాల్సిందే. డబ్బు మీ చేతిలో లేదు, బరువు మీ భుజం ఒప్పుకోదు, బిగువు వదులుకుంటే ట్రైపాడే దండగ. మిగిలింది ఎత్తు. దాన్ని వదిలేయండి. కడ్డీ లాగకుండా 110-120 సెంటీమీటర్లు వచ్చేది, అంటే మీ ఛాతీ దాకా వచ్చేది, ట్రెక్కింగ్‌కి ధారాళంగా సరిపోతుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది, దాచను. 1500డి వెనక స్క్రీన్ తిరగదు కాబట్టి మీరు వంగాలి, లేదా మోకాలి మీద కూర్చోవాలి. కూర్చోండి! పొద్దున్నే కొండ మీద గంటసేపు ఒకేచోట ఉండేవాడికి కూర్చోవడమే సుఖం. నా ఫొటోల్లో నాకు నచ్చేవి చాలావరకు కూర్చుని తీసినవే, కింది నుంచి తీస్తే ముందు గడ్డి మీద మంచు కూడా ఫ్రేములోకి వస్తుంది. జనం తలలు అడ్డొస్తే కడ్డీ లాగకండి, పది అడుగులు పక్కకి జరగండి.

కాబట్టి మీరు వెతకాల్సింది అల్యూమినియం, నాలుగు ముక్కలు, పై గొట్టం 22 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ, బరువు 1.2 నుంచి 1.5 కిలోల మధ్య, పైన బాల్ హెడ్ (కెమెరాని ఎటు కావాలంటే అటు తిప్పి బిగించే గుండు కీలు). వీడియోవాళ్లు వాడే పొడుగు హ్యాండిల్ హెడ్ వద్దు, బరువెక్కువ, బ్యాగులో ప్రతిదానికీ తగులుకుంటుంది. కెమెరా కింద బిగించే ప్లేటు ఆర్కా రకం ఉండాలి. 38 మి.మీ. వెడల్పుతో వచ్చే ఈ ప్లేటు దాదాపు అన్ని కంపెనీలవీ దొరుకుతుంది, ట్రెక్‌లో పారేసుకున్నా మళ్లీ కొనుక్కోవచ్చు. కంపెనీ సొంత సైజు ప్లేటయితే అది పోయిన రోజు ట్రైపాడ్ కూడా పోయినట్టే.

5 వేలల్లో కొత్తది కావాలంటే డిజిటెక్, ఫొట్రాన్ లాంటివాటిల్లో ఈ కొలతలకి దగ్గరగా ఉన్నది చూడండి. కానీ మీ స్థానంలో నేనుంటే సెకండ్ హ్యాండ్‌లో బెన్రో, సిరుయి, మాన్‌ఫ్రొటో వెతుకుతాను. పాత కెమెరా కొనాలంటే భయం, లోపల ఎన్ని లక్షల షట్టర్లు కొట్టారో తెలియదు. ట్రైపాడ్‌కి ఆ గొడవ లేదు, దాని రోగాలన్నీ బయటికే కనిపిస్తాయి. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు తరచూ మార్చేస్తుంటారు, మీ ఊళ్లో స్టూడియోల్లో అడిగి చూడండి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠిలో కెమెరా షాపులు తిరగండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీ కెమెరా, 55-250 తీసుకెళ్లండి. కాళ్లు మొత్తం లాగి, కడ్డీ కిందే ఉంచి, కెమెరా బిగించి, లెన్సుని 250కి తిప్పండి. లెన్సు మీద స్టెబిలైజర్ బటన్ ఆఫ్ చేయండి, లేకపోతే అది వణుకుని దాచేస్తుంది. లైవ్ వ్యూ (దృశ్యం వెనక స్క్రీన్ మీదే కనిపించేది) పెట్టి, ఎదురు గోడ మీద క్యాలెండర్‌లో ఒక అంకెని పది రెట్లు పెద్దది చేసి చూస్తూ, ట్రైపాడ్ కాలిని వేలితో ఒక్కసారి తట్టండి. అంకె కదులుతుంది, ఏ ట్రైపాడ్ మీదైనా కదులుతుంది. ఎంతసేపటికి ఆగిందో మనసులో లెక్కపెట్టండి. ఒకటి అనేలోపు ఆగితే మంచిది, రెండు అనే దాకా పర్లేదు, మూడు దాటినా ఊగుతుంటే తిరిగిచ్చేయండి. తర్వాత హెడ్ బిగించి వదిలేసి చూడండి, ఒక నిమిషంలో లెన్సు బరువుకి అంకె కిందికో పైకో జారిపోతే ఆ హెడ్ వద్దు. షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, ఐదు వేలు ఇస్తున్నది మీరు.

కొన్నాక కూడా కొంత మీ చేతుల్లో ఉంది. కాలు లాగేటప్పుడు పైనున్న లావు ముక్కల నుంచి మొదలుపెట్టండి, సన్న ముక్క అవసరమైతేనే. చాలామంది కింది నుంచి లాగుతారు, ఎందుకో తెలియదు. గాలి ఉంటే కడ్డీ కింద కొక్కేనికి బ్యాగు తగిలించండి, కాకపోతే గాల్లో వేలాడదీయకుండా అడుగు నేలకి ఆనేలా తగిలించండి, లేకపోతే అది ఊయలలా ఊగి ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. షట్టర్ వేలితో నొక్కొద్దు, 2 సెకన్ల టైమర్ పెట్టండి. మీ కెమెరాలో వైఫై ఉంది కాబట్టి ఫోన్లో కెనాన్ యాప్ వేసుకుంటే ఫోన్ నుంచే నొక్కొచ్చు, రిమోట్ ఖర్చు మిగిలింది.

గండికోట రాత్రి సంగతి ఒక్క మాట. అమావాస్య దగ్గరపడ్డ రోజుల్లో వెళ్తే నక్షత్రాలకి ఓ లెక్క గుర్తుంచుకోండి, 500ని లెన్సు మి.మీ.తో భాగిస్తే షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో వస్తుంది. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి లెన్సు అంకెని ముందు 1.6తో గుణించాలి, కాబట్టి 18 దగ్గర సుమారు 17 సెకన్లు. అంతకు మించితే నక్షత్రాలు చుక్కలుగా కాక గీతలుగా పడతాయి. 17 సెకన్లు కదలకుండా నిలబడే ట్రైపాడ్ కావాలంటే మళ్లీ పైన చెప్పిందే. పెన్నా లోయ అంచున మాత్రం చీకట్లో వెనక్కి నడుస్తూ ఫ్రేము సరిచూసుకోకండి. పగలే చోటు చూసి పెట్టుకోండి.

ప్రశ్న: నమస్తే సర్. డిసెంబర్‌లో కేదార్‌కాంఠ వెళ్తున్నాను. మా అన్నయ్య కార్బన్ ఫైబర్ ట్రైపాడే కొనమంటున్నాడు, అల్యూమినియం చలికి పనికిరాదట. నిజమేనా? నాది చిన్న మిర్రర్‌లెస్ కెమెరా.
- ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీ అన్నయ్య చెప్పింది సగం నిజమమ్మా. అల్యూమినియం చలికి పాడవదు, పట్టుకున్న మన చేతులే కొంకర్లు పోతాయి. 12,500 అడుగుల మీద, మంచులో, తెల్లవారుజామున ఆ గొట్టం పట్టుకుంటే ఐసు కడ్డీ పట్టుకున్నట్టే ఉంటుంది. దీనికి నా వైద్యం క్రికెట్ బ్యాట్ గ్రిప్. స్పోర్ట్స్ షాపులో ఒకటి కొని పై గొట్టానికి తొడిగేయండి, తొడగడం మీకు రాకపోతే షాపువాడే ఒక్క నిమిషంలో ఎక్కిస్తాడు.

బరువు తేడా ఉంటుంది, కానీ మనం అనుకున్నంత కాదు. పీక్ డిజైన్ వాళ్ల ట్రావెల్ ట్రైపాడే తీసుకోండి, ఒకే డిజైన్ రెండు రకాల్లో చేశారు. అల్యూమినియం 1.56 కిలోలు, కార్బన్ 1.27. మిగిలేది 290 గ్రాములు. 2019లో అవి వచ్చినప్పుడు ధరలు 350 డాలర్లు, 600 డాలర్లు. అంటే 290 గ్రాముల కోసం 250 డాలర్లు! కార్బన్‌కి వణుకు త్వరగా ఆగుతుందన్నది నిజమే, డబ్బుంటే కొనుక్కోండి, కాదనను. లేకపోతే ఆ డబ్బుతో మంచి గ్లవ్స్, ఇంకో రెండు బ్యాటరీలు కొనండి, చలిలో ముందు చచ్చేది బ్యాటరీ. వాటిని బ్యాగులో కాకుండా జాకెట్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. ట్రైపాడ్ కాళ్లు మెత్తటి మంచులో పెట్టాక ఒకసారి కిందికి నొక్కి, కూరుకుపోవడం ఆగాకే ఫ్రేము చూసుకోండి.

ప్రశ్న: వంకర కాళ్ల గొరిల్లాపాడ్ ఒక్కటి ఉంటే చాలదా? తలకోన, నాగలాపురం వైపు వాగుల్లో తిరుగుతుంటాను.
- డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నువ్వు తిరిగే చోట్లకి చాలు తమ్ముడూ, కాకపోతే కెమెరా బరువుకి రెట్టింపు మోసే సైజు తీసుకో. వాగు మధ్య రాళ్ల మీద మామూలు ట్రైపాడ్ కంటే అదే బాగా కూర్చుంటుంది. నీళ్లు పాలనురుగులా రావాలంటే అర సెకను, ఒక సెకను చాలు, నీడలోనో పొద్దున్నే తీస్తేనో కుదిరిపోతుంది. కొమ్మకి చుట్టేటప్పుడు కొమ్మ ఊగుతోందేమో చూసుకో, ఊగే కొమ్మకి ఎంత గట్టిగా కట్టినా ఏం లాభం? రెండు మూడేళ్లకి కీళ్లు వదులైపోతాయి, అప్పుడు కెమెరా తల వాల్చేస్తుంది. పాచి పట్టిన రాళ్ల మీద ముందు నీ కాళ్లు చూసుకో, తర్వాత దాని కాళ్లు.

ప్రశ్న: గోల్కొండలో ట్రైపాడ్ తీయగానే సెక్యూరిటీ వచ్చి ఆపేశాడు. ఫొటోలకి లేని అభ్యంతరం ట్రైపాడ్‌కి ఎందుకు?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అతని తప్పేం లేదండీ. పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ కిందున్న కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే విడిగా అనుమతి తీసుకోవాలి. గోల్కొండ, చార్మినార్, మీ దగ్గరి రామప్ప, అన్నీ ఆ లెక్కే. అక్కడ వాదించి లాభం లేదు. నేను చేసేది చెబుతాను, చిన్న బియ్యం సంచీ ఒకటి బ్యాగులో పడేసుకుంటాను. పాత జీన్స్ గుడ్డతో కుట్టించింది, అరకిలో బియ్యం పడుతుంది. గోడ మీదో మెట్టు మీదో దాన్ని పెట్టి కెమెరా ఆనిస్తే ఒక సెకను దాకా కదలదు, ఇంతవరకూ నన్నెవరూ ఆపలేదు. ఒకసారి మాత్రం గేటు దగ్గర తీసి చూపించమంటే చూపించాను. బియ్యం ఎందుకండీ అని అడిగాడు, చెప్తే నమ్మలేదు.