సప్తగిరి బస్సు మోడ్ దించే ముందు

చిన్నా,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పినాడు. కొత్త కంప్యూటర్లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ తోలే ఆట వేసుకొని, దాంట్లోకి మన ఆర్టీసీ సప్తగిరి బస్సు మోడ్ (ఆటలోకి కొత్త బండినో రోడ్డునో చేర్చే ఫైలు), ఎవరో అభిమానులు చేసిన ఘాట్ రోడ్డు మ్యాప్ దించి, స్టీరింగ్ సెట్టు కొని, తాతతో మళ్ళీ తిరుమల కొండకు బస్సు తోలిస్తావంట. వినగానే నాకు కడుపు నిండిపోయింది. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి తాత వరండా దాటడం లేదు. ఇంతమంది పెద్దోళ్ళం ఉండి మా ఎవరికీ తట్టని ఆలోచన నీకు తట్టింది.

ఆ వెంటనే మీ నాయన ఇంకో మాట అన్నాడు. ఇంట్లో ఫోటోలన్నీ, సీడీల్లో ఉన్న పెండ్లి వీడియోలన్నీ నువ్వు ఆ కంప్యూటర్లోకే ఎక్కించి, సీడీలు గీతలు పడినాయని పారేసినావంట. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్తే ‘సరే అత్తా, సరే అత్తా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. సగం చదివి పక్కన పడేయొద్దు.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోనే కొను, దొంగతనంగా తాళం తీసిన క్రాక్ కాపీ జోలికి పోవద్దు. మొదట ఏ మోడ్ లేకుండా ఒకసారి ఆడి, సేవ్ చేసి, బయటికి రా. డాక్యుమెంట్స్‌లో ఆట పేరుతో ఒక ఫోల్డర్ వస్తుంది, అందులో ‘మోడ్’ అనే ఫోల్డర్ ఉంటుంది. దించిన ఫైలు అక్కడ వేసి, ఆటలో మోడ్ మేనేజర్ తెరిచి ఎక్కిస్తే అయిపోయింది. స్టీమ్‌లోనే మోడ్‌లు పంచుకునే వర్క్‌షాప్ అని ఒకటి ఉంది, అక్కడ దొరికే మోడ్‌కైతే ఆ శ్రమ కూడా లేదు, సబ్‌స్క్రయిబ్ నొక్కితే చాలు. ముందు అక్కడే వెతుకు.

ఇప్పుడు నేను చెప్పేది మాత్రం నిదానంగా చదువు. ఈ ఆటకు మోడ్ అనేది డాట్ ఎస్‌సీఎస్ ఫైలుగా వస్తుంది, లేదంటే జిప్‌గా వస్తుంది. దాన్ని ఆట చదువుకుంటుంది, నువ్వు రన్ చేసే పని ఉండదు. డాట్ ఈఎక్స్‌ఈ అని వచ్చిందంటే అది నొక్కగానే రన్ అయ్యే ప్రోగ్రామ్, మోడ్ కాదు. ఎంత మంచి బస్సు బొమ్మ వేసి ఉన్నా, కింద ఎంతమంది ‘వర్కింగ్ బ్రో’ అని రాసినా, అది మోడ్ కాదు. ఇంకో మెలిక ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి తోక దాచిపెడుతుంది. ‘సప్తగిరి డాట్ ఎస్‌సీఎస్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని ఉండే ఫైలు నీ కంటికి ‘సప్తగిరి డాట్ ఎస్‌సీఎస్’ అనే కనిపిస్తుంది. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ఇప్పుడే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ నొక్కి, విండోస్ 11 అయితే అందులో షో కూడా నొక్కి, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ అనే దానికి టిక్కు పెట్టు. పెట్టి వచ్చి తర్వాతది చదువు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, బాలాజీ కాలనీలో మనకు నెట్ సెంటర్ ఉన్నప్పుడు షాపులో ఒక పిల్లోడు పనిచేసేవాడు. యూనివర్సిటీలో ఎంసీఏ చదువుకుంటా సాయంత్రాలు వచ్చేవాడు. ప్రింటర్ మొరాయించినా, ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో సైట్ ఆగిపోయి పిల్లోళ్ళ తల్లిదండ్రులు కంగారుపడినా, వాడి చెయ్యి పడితే దారికొచ్చేది. వాడికి జీటీఏ శాన్ ఆండ్రియాస్ అంటే ప్రాణం. ఆ ఆటలోకి మన అంబాసిడర్ కారు, మన ఆటో, పల్లె వెలుగు బస్సు ఎక్కించాలని షాపు మూసే ముందు కూర్చునేవాడు. పిల్లోళ్ళు అట్లా కెలికితేనే నేర్చుకుంటారని నేను అడ్డం చెప్పేదాన్ని కాదు. ఇప్పటికీ అదే అనుకుంటా.

ఒకరోజు రాత్రి ఏదో సైట్లో వాడికి బస్సు మోడ్ దొరికింది. జిప్ లాగా మూటకట్టిన రార్ ఫైలు, దానికొక పాస్‌వర్డ్. లోపల ఒక ఇన్‌స్టాలర్, దాని పక్కన చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు. యాంటీవైరస్ మోడ్‌ను చూసి వైరస్ అని పొరబడుతుంది కాబట్టి ముందు దాన్ని ఆపండి, తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి అని అందులో ఉంది. వాడు రెండూ చేసినాడు. ఏమీ కాలేదు. ఆటలో బస్సు కూడా రాలేదు. ‘ఫేక్ మోడ్ అక్కా’ అని నవ్వి ఇంటికి పోయినాడు.

ఆ రాత్రి కంప్యూటర్ ఆపలేదు, బ్యాకప్ కాపీ అవుతా ఉంది. బయటి హార్డ్ డిస్క్ దానికి తగిలించే ఉంది.

పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఒకాయన పాస్‌పోర్ట్ ఫోటో మళ్ళీ ప్రింట్ కావాలని నిలబడి ఉన్నాడు. ఫైలు తెరిస్తే తెరుచుకోలేదు. పక్కది తెరిచినా, దాని పక్కది తెరిచినా అంతే. అన్ని ఫైళ్ళ పేర్ల చివరా అర్థంకాని అక్షరాలు. ప్రతి ఫోల్డర్లో ఒక టెక్స్ట్ ఫైలు: మీ ఫైళ్ళకు తాళం వేసినాం, బిట్‌కాయిన్లలో డబ్బు కట్టండి అని. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అయిపోయినాయి. షేర్ ఫోల్డర్ గుండా మిగతా కంప్యూటర్లలోకీ పాకింది. హార్డ్ డిస్క్ తెరిచి చూస్తే బ్యాకప్ కూడా అదే గతి.

ఇట్లా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. 2017 మేలో అట్లాంటిదే వన్నాక్రై వచ్చినప్పుడు లోకమంతా దీని గురించి మాట్లాడుకున్నారు. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. అది విండోస్‌లో ఒక లొసుగు పట్టుకొని నెట్‌వర్క్‌లో తనంతట తాను పాకింది. దానికి మందు మార్చిలోనే అప్‌డేట్‌గా వచ్చేసింది, వేసుకున్నోళ్ళు బయటపడినారు. అంతకు ముందే మన షాపుకు వచ్చింది మాత్రం తనంతట తాను రాలేదు. తలుపు తీసి రమ్మన్నాం. ఆ రార్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెట్టినారో నాకు తర్వాత అర్థమైంది. పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపలికి తొంగిచూడలేదు. అందుకని చెప్తున్నా, యాంటీవైరస్ ఆపమని ఏ మోడ్ అడిగినా, అడ్మిన్ అనుమతి అడిగినా, ఆ పేజీ మూసేయి. ఒక ఫోల్డర్లో ఒక ఫైలు వేసుకోవడానికి ఆ రెండూ అవసరం లేదు.

గిరాకీలవి ఎట్లాగో సర్దుకున్నాం. కొన్ని మళ్ళీ టైపు చేసి ఇచ్చినాం, కొందరికి డబ్బు వాపసు ఇచ్చినాం. సర్దుకోలేనిది వేరే ఉంది, నీకు ఎప్పుడూ చెప్పలేదు. తాత రిటైరైన రోజు డిపోలో తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. బస్సు ముందు అరటి పిలకలు కట్టి, అద్దానికి పూలదండ వేసి, తాతను ఆఖరి ట్రిప్పుకు పంపించినారు. అవ్వ ముందు సీట్లో కూర్చొని కొండకు పోయింది. ఫోటో అంటే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఆ రోజు బస్సు మెట్టు మీద నిలబడి, కొంగు వదిలేసి నవ్వింది. ఫోటోగ్రాఫర్ కార్డులో నుంచి నేరుగా మన కంప్యూటర్లోకి వేసి ఇచ్చినాడు. ప్రింట్ తీయించింది ఒక్కటే. మీ హాల్లో ఉంది చూడు, తాత, బస్సు, డిపో మేనేజర్. అందులో అవ్వ లేదు. మరుసటి ఏడు అవ్వే లేదు.

తాళం పడిన ఆ ఫైళ్ళను నేను తుడిచేయలేదు. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, మరికొందరు కలిసి 2016లో పెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ అనే సైట్ ఉంది. దొరికిన తాళంచెవులను అక్కడ ఉచితంగా పెడతారు. అప్పుడప్పుడూ చూస్తుంటా, మన తాళానికి చెవి ఇంకా రాలేదు. దొంగలకు మాత్రం పైసా కట్టలేదు. కట్టినోళ్ళలో కూడా కొందరికి ఫైళ్ళు తిరిగి రాలేదు, వచ్చినా ఆ డబ్బుతో ఇంకొకరి ఇల్లు ముంచుతారు.

ఆ పిల్లోడిని నేను ఒక్క మాట అనలేదు. వాడు రెండు రోజులు అన్నం తినలేదని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నిన్ను మాత్రం అంటా చిన్నా, ఎందుకంటే నీకు ఇంకా టైముంది. ఇంటి ఫోటోలన్నీ ఒకే చోట పెట్టి, పాతవి పారేసి, అదే కంప్యూటర్లోకి ముక్కూమొహం తెలియని సైట్ల నుంచి ఫైళ్ళు దించుతావా? బి.టెక్ చదివే పిల్లోడివి, ఇది ఎవరో చెప్పాలా? ఆ ఫోటోలకు రెండు కాపీలు ఉండాలి. ఒకటి హార్డ్ డిస్క్‌లో వేసి, కాపీ అయిన మరు నిమిషం వైరు పీకి బీరువాలో పెట్టు. ఇంకోటి మా ఇంట్లో ఉంటుంది. తగిలించి ఉంచిన బ్యాకప్ బ్యాకప్ కాదు.

విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఒకటి ఉంది, అందులో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్ చేయి, తెలియని ప్రోగ్రాములు నీ ఫోల్డర్లలో చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. చేసినాక ఆట సేవ్ కాకపోతే భయపడొద్దు. ఆట కూడా డాక్యుమెంట్స్‌లోనే రాసుకుంటుంది కదా, దాన్నీ ఆపేస్తుంది. ఆట ప్రోగ్రామ్ ఒక్కదానికి అనుమతి ఇస్తే చాలు.

ఇంక మోడ్‌లు నడుపుకొనే సంగతి. అసలు ప్రొఫైల్‌లో ప్రయోగాలు చేయొద్దు, మోడ్‌ల కోసం వేరే ప్రొఫైల్ పెట్టుకో. ఒక్కో మోడ్ ఎక్కించి, ఆట తెరిచి, కాసేపు తోలి, అప్పుడు రెండోది ఎక్కించు. పది ఒకేసారి ఎక్కించి ఆట పడిపోతే ఏది పడగొట్టిందో దేవుడికే తెలియాలి. అట్లా అయితే సగం తీసేసి చూడు, బాగుంటే తప్పు తీసేసిన సగంలో ఉంది. ఆ సగంలో మళ్ళీ సగం. ఆట ఫోల్డర్లో గేమ్ లాగ్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఆట పడిపోయినప్పుడల్లా దాని చివరి లైన్లు చదువు, చాలాసార్లు మోడ్ పేరే అక్కడ దొరుకుతుంది.

వరస ముఖ్యం. మోడ్ మేనేజర్ లిస్టులో పైన ఉన్నదే చెల్లుతుంది, దుప్పటి మీద దుప్పటి పరిస్తే పైదే కనపడినట్టు. రెండు మోడ్‌లు ఒకే వస్తువును మారుస్తుంటే కిందది ఉన్నా లేనట్టే. మ్యాప్ మోడ్ ముక్కలుగా వస్తే చేసినోళ్ళు ఏ వరస చెప్పినారో అదే పెట్టు, సొంత తెలివి వద్దు.

వెర్షన్ చూసుకో. మన బస్సు మోడ్‌లు చాలా వరకు పాత వెర్షన్లకు చేసి వదిలేసినవి. ఆట అప్‌డేట్ అయితే అవి చెడతాయి. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లో బీటాస్ అని ఉంటుంది, అక్కడ పాత వెర్షన్ ఎంచుకొని అక్కడే ఆగిపోవచ్చు. తాత కోసమే అయితే నువ్వు అట్లాగే చేయి, కొత్త అప్‌డేట్‌తో ఆయనకు పని లేదు. బస్సు మోడ్ తీసేయాలనుకుంటే ముందు ఆటలో ఆ బస్సు అమ్మేయి, తర్వాత మోడ్ తీయి. మ్యాప్ తీసేటప్పుడు ముందు బండిని యూరప్‌లో ఏదో ఊరి గ్యారేజీకి తెచ్చి నిలుపు.

తాతను కూర్చోబెట్టే ముందు కొన్ని చూసుకో. బస్సు మోడ్ వేసినా ఆటకు అది లారీ కిందే లెక్క, ఏదో ఒక లారీ కంపెనీ డీలర్ దగ్గర దొరుకుతుంది. అక్కడే కుడిచేతి స్టీరింగ్ ఉండే క్యాబిన్ ఎంచుకో. ఎడమవైపు కూర్చోబెడితే తాత స్టీరింగే పట్టడు. ఆటోమేటిక్ గేరు పెట్టొద్దు. క్లచ్ తొక్కి, కర్ర లాగి గేరు మార్చే సెట్టు దొరికితే అదే కొను, తక్కువపడే డబ్బు నేను ఇస్తా. క్లచ్ గట్టిగా ఉండి మోకాలు నొప్పి పెడితే అప్పుడు చూద్దాం. దిగేటప్పుడు ఇంజన్ బ్రేక్ పనిచేసేటట్టు ఒక బటన్‌కు కట్టిపెట్టు. 1944 నాటి పాత ఘాట్‌లో దిగుతా బ్రేకు మీదే కాలు పెట్టుకొని కూర్చునే డ్రైవర్‌ను తాత డ్రైవర్ అనడు. పైకి పోవడానికి 1974లో వేసిన కొత్త రోడ్డు, కిందికి పాతది. మ్యాప్ చేసినోళ్ళు ఒకవేళ అటూ ఇటూ చేసి ఉంటే ముందే చెప్పు, లేకపోతే ఆయనకు కోపం వస్తుంది. ఇంకోటి, ఈ ఆటలో యూరప్ రోడ్లు 1:19 స్కేల్‌లో కుదించినవి. ఘాట్ మ్యాప్ కూడా కుదించి ఉంటే అలిపిరి దాటిన కాసేపటికే కొండ వచ్చేస్తుంది. ‘ఇదేందిరా, మధ్యలో దారంతా ఏమైపోయింది’ అంటే బిత్తరపోవద్దు.

శనివారం పొద్దున బస్సుకు చిత్తూరు వస్తున్నా. కొత్త హార్డ్ డిస్క్ రెండు తెస్తా, బిల్లు మీ నాయనకు చూపించొద్దు. ముందు ఫోటోలు కాపీ చేద్దాం, తర్వాత నువ్వు దించిన మోడ్ ఫైళ్ళు ఒక్కొక్కటి పక్కన కూర్చొని చూద్దాం. అంతదాకా వర్క్‌షాప్‌లో దొరికేవి తప్ప ఏదీ దించొద్దు. తాతకు ఇప్పుడే చెప్పొద్దు, ఆట సరిగ్గా నడిచినాకే చెప్దాం. భోజనానికి ఉంటానని మీ అమ్మకు చెప్పు.

అత్త
తిరుపతి