లాయరు వాయిదాలకు రాలేదు, కాగితాలూ ఇవ్వడం లేదు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

సందేహం: స్థలం తగాదాలో దావా వేయడానికి ఒక లాయరుకు వకాల్తా, ఒరిజినల్ దస్తావేజులు ఇచ్చాను. ఆయన వాయిదాలకు వెళ్లకపోవడంతో దావా కొట్టేశారు. కాగితాలు అడిగితే మిగతా ఫీజు కడితేనే ఇస్తానంటున్నారు. ఆయన ఎన్‌రోల్‌మెంట్ రద్దు చేయించవచ్చా?

సలహా: ముందు దావాను కాపాడుకోండి. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆ లాయరును శిక్షించగలదే తప్ప, కొట్టేసిన దావాను తిరిగి తెరవలేదు. వాది గైర్హాజరీ వల్ల కొట్టేసిన దావాను పునరుద్ధరించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. గడువు దాటితే, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 పిటిషన్ కూడా జతచేయాలి. లాయరు తప్పుకు కక్షిదారు బలికాకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీరూ కేసు సంగతి పట్టించుకోలేదని తేలితే ఆ తీర్పొక్కటే గట్టెక్కించదు. కొత్త లాయరును పెట్టుకోవడానికి పాత లాయరు నో అబ్జెక్షన్ (అభ్యంతరం లేదన్న సమ్మతి) ఇవ్వకపోతే, కొత్త లాయరు అది ఎందుకు రాలేదో రాసి కోర్టు అనుమతితో హాజరు కావచ్చు.

ఇక కాగితాలు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచే హక్కు లాయరుకు లేదు. అలా చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే తేలిపోయింది. ఫీజు రావాల్సి ఉంటే ఆయన వేరే దావా వేసుకోవాలి. ప్రతి దస్తావేజు నంబరు, తేదీ రాసి, తిరిగి ఇవ్వమని రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. రసీదు, లేఖ అందినట్టు రుజువు పారేయకండి, రేపు అదే సాక్ష్యం.

ఫిర్యాదు అడ్వొకేట్స్ చట్టం, 1961 సెక్షన్ 35 కింద, ఆయన పేరు నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఇవ్వాలి. సంతకం, వెరిఫికేషన్ (రాసింది నిజమేనన్న ధ్రువీకరణ), నిర్ణీత రుసుము తప్పనిసరి. "నన్ను మోసం చేశాడు" అని రాస్తే నిలవదు. "ఫలానా తేదీన ఫలానా సేల్ డీడ్ ఒరిజినల్ ఇచ్చాను, ఫలానా తేదీన అడిగాను, ఇవ్వలేదు" అని రాయండి. డాకెట్ ఆర్డర్ల (ప్రతి వాయిదాలో కోర్టు రాసే ఉత్తర్వుల) సర్టిఫైడ్ కాపీలు పెడితే ఏ వాయిదాకు ఎవరు రాలేదో వాటిలోనే కనిపిస్తుంది. వాదన సరిగా చెప్పలేదు, కేసు ఓడిపోయాం అన్న ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేవే. మంచి నమ్మకంతో చేసిన పొరపాటు దుష్ప్రవర్తన కాదు.

ఆధారం ఉందనుకుంటే కౌన్సిల్ దాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ (లాయర్ల జాబితా) నుంచి పేరు తొలగింపు: ఈ మూడే శిక్షలు. ఒక్క ఫైలు విషయంలో పేరు తొలగిస్తారని ఆశపడకండి. ఏడాదిలో తేలకపోతే విచారణ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. కమిటీ ఉత్తర్వుపై అక్కడికే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మధ్యలో రాజీపడినంత మాత్రాన విచారణ ఆగదని కూడా తెలుసుకోండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి ప్రయోజనం లేదు. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తరఫున కోర్టులో తీసుకున్న డబ్బు ఏదైనా ఆయన వాడేసుకుని ఉంటే మాత్రం అది నమ్మకద్రోహ నేరం. దానికి పోలీసు ఫిర్యాదు విడిగా ఇవ్వండి.