ఇల్లు వేలానికి పోయినవాళ్లకు మళ్లీ హోమ్ లోన్ ఇస్తారా?

ఇస్తారు, మాకు ఇచ్చారు. బెంగళూరులోనే. "ఒకసారి ఇల్లు వేలానికి పోతే ఇక జన్మలో లోన్ రాదు" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. అయితే అందరూ సిబిల్ స్కోరు గురించే చెబుతారు, అంటే మనం అప్పులు ఎలా తీర్చామో చూసి సిబిల్ సంస్థ వేసే మార్కు. నన్నడిగితే స్కోరు కాదు, మన అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో పాత లోన్ ఏ మాటతో ముగిసిందో అదే ముఖ్యం.

కోవిడ్‌లో మావారి కంపెనీ మూతపడింది. మూడు నెలలు ఈఎమ్ఐ కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం. కె.ఆర్.పురం దగ్గరి మా ఫ్లాటు తలుపుకి నోటీసు అంటించి, పక్కింటివాళ్లు చూస్తుండగా ఫోటో తీసుకున్నారు. వేలం అయ్యాక రామమూర్తి నగర్‌లో అద్దెకు దిగాం. ఇల్లు పోయింది కాబట్టి అప్పు కూడా పోయిందనే అనుకుంటారు ఎవరైనా. వేలం తర్వాత బ్యాంకు నుంచి మాకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు మరి.

ఉద్యోగం కుదురుకున్నాక మళ్లీ అప్లై చేశాం. ఏజెంటు "స్కోరు బాగుంది మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. బ్రాంచిలో ఆవిడ కంప్యూటర్ తెర మావైపు తిప్పి చూపించింది. పాత హోమ్ లోన్ ఎదురుగా "రిటెన్ ఆఫ్" (రాని బాకీగా బ్యాంకు లెక్కల్లోంచి తీసేసింది) అని, దాని పక్కన బకాయి. వేలంలో వచ్చిన డబ్బు అసలుకీ కొంత వడ్డీకీ సరిపోయిందట, మిగిలింది మా పేరు మీదే ఉండిపోయింది. ఈ ఏజెంట్లతో ఇంకో బాధ, మనల్ని అడగకుండానే నాలుగైదు బ్యాంకులకు ఫైలు పంపేస్తారు. ప్రతి విచారణా రిపోర్టులో పడుతుంది. కమిషన్ వాళ్లది, మచ్చ మనది.

పాత బ్యాంకుకు వెళితే సగం కట్టి సెటిల్ చేసుకోమన్నారు. మా ఆడపడుచు కూడా ఒప్పుకోమనే చెప్పింది. నేను ససేమిరా అన్నాను. సెటిల్ చేసుకుంటే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అది చూస్తే కొత్త బ్యాంకువాళ్లు వెనకాడతారు. చీటీ పాడి మొత్తం కట్టేసి, బకాయి లేదని లెటర్ తీసుకున్నాం. అయినా రిపోర్టు మారలేదు. సిబిల్‌లో ఫిర్యాదు పెట్టాక "క్లోజ్డ్" అయింది. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం, సిబిల్‌తో పాటు అలాంటి సంస్థలే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఇవ్వాలి. నాలుగూ చూసుకోండి.

ఆ తర్వాత లోన్ వచ్చింది గానీ, వడ్డీ కాస్త ఎక్కువ వేశారు. 30 నుంచి 75 లక్షల లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని నిబంధన ఉన్నా మాకు అంత ఇవ్వలేదు, చేతి డబ్బు ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. బెంగళూరులో బి ఖాతా (అనుమతులు సరిగ్గా లేని) ఫ్లాట్ల జోలికి మాత్రం పోకండి, మామూలువాళ్లకే చాలా బ్యాంకులు వాటికి లోన్ ఇవ్వవు.

మీకు వేలం ఇంకా జరగకపోతే, వేలం ప్రకటన వెలువడేలోపు మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు మీకుంది. వేలం అయిపోయి ఉంటే ఎంతకి అమ్మారు, ఖర్చులు ఎంత పట్టుకున్నారు, బకాయి ఎంత అని పాత బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. అప్పు పోను మిగులు ఉంటే అది మీకే తిరిగి ఇవ్వాలి. ఈ లెక్క చేతికి వచ్చేదాకా ఏ ఏజెంటుకీ మీ పాన్ నంబరు ఇవ్వకండి.