సేవ మీది, హక్కు అమ్మది: ఖర్చు రాబట్టే దారి

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. అమ్మకు 76 ఏళ్లు, మూడేళ్లుగా డిమెన్షియా. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ నెలకు 14 వేలు వస్తోంది. ఇల్లు అమ్మ పేరున ఉంది. ఆమెను చూసుకోవడానికి రెండేళ్ల కిందట ఉద్యోగం మానేశాను. పగటి ఆయాకూ, మందులకూ, డైపర్లకూ కలిపి నెలకు 34 వేలవుతోంది. పెద్దన్నయ్య హైదరాబాదులో, చిన్నన్నయ్య బెంగళూరులో ఉంటారు. డబ్బు అడిగితే ‘అమ్మ ఇంట్లోనే ఉంటున్నావుగా’ అంటున్నారు. సంతకం కలవడం లేదని బ్యాంకువాళ్లు పెన్షన్ డబ్బు ఇవ్వడం లేదు. నా సేవకు చట్టం జీతం ఇప్పిస్తుందా? ఇల్లు నా పేరున రాయించుకోవచ్చా?

జవాబు: ముందుగా చేదు మాట చెప్పాలి. కన్నతల్లిని చూసుకుంటున్నందుకు తోబుట్టువుల నుంచి జీతం ఇప్పించే చట్టం మన దేశంలో లేదు. ‘నేను ఉద్యోగం వదిలేశాను, నాకు నెలకింత ఇప్పించండి’ అని మీ పేరున అర్జీ పెడితే అది మొదటి వాయిదాలోనే వీగిపోతుంది. మనోవర్తి (పోషణ ఖర్చు) అడిగే హక్కు అమ్మది. కాబట్టి ప్రతి రూపాయినీ అమ్మ పేరున, అమ్మ అవసరం కింద అడగండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మనోవర్తిలో తిండి, బట్ట, నివాసంతోపాటు వైద్య సేవనూ చికిత్సనూ చేర్చింది. ఆయా జీతం, డైపర్లు ఆ పద్దులోకే వస్తాయి.

ఈ చట్టం కింద చెన్నైలో ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. అన్నయ్యలు వేరే రాష్ట్రాల్లో ఉన్నా ఫరవాలేదు, అమ్మ ఉంటున్న ఊళ్లోనే అర్జీ వేయవచ్చు. లాయరు అక్కర్లేదు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆయన రెండోవారిని లాగుతారు, నెలలు గడిచిపోతాయి. వదినలను మాత్రం చేర్చకండి. కోడలు, అల్లుడు ఈ చట్టం చెప్పే ‘పిల్లలు’ కారు.

మీలాంటి వాళ్ల అర్జీలు చిక్కుకునే చోటు ఇంకొకటుంది. తల్లి స్వయంగా అర్జీ పెట్టలేకపోతే ‘ఆమె అధికారమిచ్చిన వ్యక్తి’ పెట్టాలని 5వ సెక్షన్ అంటుంది. మతి స్థిమితం లేని మనిషి అధికారం ఎలా ఇస్తుంది? అందుకే అదే సెక్షన్ ట్రైబ్యునల్‌కు తనంతట తాను విచారణ చేపట్టే అధికారం కూడా ఇచ్చింది. అర్జీ పైభాగంలోనే ‘అమ్మ అధికారం ఇవ్వగల స్థితిలో లేరు, 5వ సెక్షన్ కింద ట్రైబ్యునల్ తానే ఈ విషయాన్ని చేపట్టాలి’ అని రాయండి. న్యూరాలజిస్టు సర్టిఫికెట్ జతచేయండి. జబ్బు పేరు ఒక్కటీ ఉంటే చాలదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేరని, పత్రాలు అర్థం చేసుకోలేరని అందులో ఉండాలి. అర్జీ నకలు ఒకటి జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ట్రైబ్యునల్ మొదట అర్జీని రాజీ అధికారి దగ్గరికి పంపవచ్చు. ఆయనకు నెల గడువుంటుంది. మొత్తం అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. ఈలోగా మధ్యంతర మనోవర్తి కూడా అడగండి. ఉత్తర్వు వచ్చాకా కట్టకపోతే వారంటుతోపాటు నెల వరకు జైలు కూడా పడవచ్చు.

అయితే నెలకు 10 వేలకు మించి ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు లేదు. పెన్షన్ పోగా మీకు 20 వేలు తక్కువవుతోంది. పరిమితి లేని దారి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 125. ఇది ఫ్యామిలీ కోర్టుకు వెళ్తుంది, ఇక్కడ ఆలస్యం ఎక్కువ. పెన్షన్ అమ్మకు చాలడం లేదని బిల్లులతో నిరూపించాలి. రెండు దారుల్లో ఒక్కటే ఎంచుకోవాలని 2007 చట్టం 12వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి తొందరపడి ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇచ్చేయకండి.

నా సలహా అడిగితే, ఈ రెండిటికీ ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అన్నయ్యలను పిలిపించమని కోరండి. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, పది వేల గీత అక్కడ అడ్డురాదు. మీకు సొమ్ము దక్కే మార్గం కూడా ఇక్కడే ఉంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ రెండో క్లాజు ప్రకారం, తాను చట్టరీత్యా చేయాల్సిన పనిని మరొకరు స్వచ్ఛందంగా చేసిపెడితే, అందుకు పరిహారం ఇస్తానని ఇచ్చిన మాట చెల్లుతుంది. తల్లిని పోషించడం అన్నయ్యల చట్టబద్ధ బాధ్యత, రెండేళ్లుగా దాన్ని మోస్తున్నది మీరు. గతానికింత, ఇకమీద నెలకింత, ఏ తేదీన ఏ ఖాతాలోకి అని రాజీలో రాయించుకోండి. ఏడాదిలో ఇన్ని వారాలు అమ్మను వాళ్లు చూసుకోవాలన్న మాట కూడా చేర్చండి. డబ్బు ఒప్పుకున్నవాళ్లు ఇక్కడ తడబడతారు, అయినా పట్టుబట్టండి. మీ ఒంటికి విశ్రాంతి కావాలి.

ఇవాళ్టి నుంచే ఒక నోటుపుస్తకంలో ఖర్చు రాయండి. ఆయా జీతం నగదుగా ఇవ్వకుండా ఖాతాలో వేయండి. ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు ‘అంతవుతుందా?’ అన్న అన్నయ్య ప్రశ్న నిలవదు.

ఇక బ్యాంకు సంగతి. అమ్మకు విషయం అర్థమై, చెయ్యి మాత్రమే వణుకుతుంటే తేలిక. బొటనవేలి ముద్ర, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర చాలు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. 70 దాటినవారికి ఇంటికొచ్చే సేవ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, రాతపూర్వకంగా అడగండి. అర్థం చేసుకునే శక్తే పోయి ఉంటే ముద్ర వేయించకండి. పాత పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా పనికిరాదు. ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోగానే అది రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అంటుంది.

అప్పుడు హైకోర్టులో రిట్ వేసి, అమ్మకు మిమ్మల్ని సంరక్షకురాలిగా నియమించమని కోరాలి. కోమాలో ఉన్న భర్త ఆస్తి విషయంలో 2024లో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి భార్యను ఇలాగే నియమించింది, 50 లక్షలు భర్త పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని షరతు పెట్టింది. వైద్య నివేదిక, ఆస్తుల జాబితా, డబ్బు దేనికి కావాలో వివరం, అన్నయ్యలకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. అన్నయ్యలు ఎదురుతిరిగితే ఇది చాలాకాలం సాగుతుంది. లోక్ అదాలత్ రాజీలోనే ఆ అఫిడవిట్లు ఇస్తామని రాయించుకోండి.

ఇల్లు రాయించుకోవద్దు. ఈ స్థితిలో అమ్మ చేసిన వీలునామా గానీ గిఫ్ట్ డీడ్ గానీ నిలవడం కష్టం, పైగా రేపు ‘అక్రమంగా రాయించుకుంది’ అన్న నింద మీమీదే పడుతుంది. వీలునామా లేకపోతే ముగ్గురికీ సమాన వాటా వస్తుంది. సేవ చేసినందుకు ఎక్కువ రాదు. అందుకే ఖర్చు లెక్క ఇప్పుడే తేల్చుకోమంటున్నాను.

వైకల్య ధ్రువీకరణ 75 శాతం, ఆపైన ఉంటే తమిళనాడు ప్రభుత్వం నెలకు 2,000 ఇచ్చే పథకానికి అర్హత ఉందేమో జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ కోసం ‘మక్కళై తేడి మరుత్తువం’ (ఇంటి దగ్గరికే వైద్యం తెచ్చే తమిళనాడు పథకం) సిబ్బందిని మీ వార్డు ఆరోగ్య కేంద్రంలో కలవండి. అన్నానగర్‌లోని స్కార్ఫ్ సంస్థ డిమెన్షియా కుటుంబాలకు సలహా ఇస్తుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. రాత్రిళ్లు నిద్రపట్టక మీకే మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనూ మాట్లాడతారు.