కట్టె సోలు చెప్పులకు తెలుగులో ఏం పేరు?

సందేహం: హనుమకొండలో మా చెప్పుల దుకాణం కోసం తెలుగులో పేర్లు, వివరాలు రాస్తున్నాను. కట్టె అడుగున్న క్లాగ్స్ అంటే ఇష్టపడేవాళ్ళు అదే తీరులో ఇంకాస్త సొగసైనవి ఏమున్నాయని అడుగుతున్నారు. క్లాగ్స్‌ను 'పాదుకలు' అనవచ్చా, 'పాంకోళ్ళు' అనాలా? మ్యూల్స్, వెడ్జ్, ప్లాట్‌ఫారం, ఎస్పడ్రిల్... వీటికి తెలుగు మాటలున్నాయా?

సమాధానం: పాదుకలు అని మాత్రం రాయకండి. ఆ మాట వినగానే తెలుగువాడికి భరతుడు సింహాసనం మీద పెట్టుకున్నవి, గురువుగారి పీఠం దగ్గర పూజలందుకునేవి గుర్తొస్తాయి. వాటికి దండం పెడతాం, ధర చీటీ కట్టం. ఇంకో కారణం కూడా ఉంది. పాదుక అంటే కట్టెదే కావాలన్న నియమం సంస్కృతంలోనే లేదు. అమరకోశం పాదుక, పాదూ, ఉపానత్ అనే మూడు మాటలనూ ఒకే అర్థంలో చెప్పింది, అదీ తోలుపని చేసేవాళ్ళ పేరు వచ్చే చోటనే. పాలమూరు వైపు కురుమూర్తి జాతరలో ఊరేగించే 'ఉద్దాలు' కూడా స్వామి పాదుకలే, కానీ వాటిని చేసేది తోలుతో. కాబట్టి పాదుకలు అన్నంత మాత్రాన కొనేవాళ్ళకు కట్టె సంగతి తెలియదు.

పాంకోళ్ళు అంటే మాత్రం కట్టెవే. పావుకోళ్ళు అన్నా అవే. అయితే వాటి రూపు వేరు. పాదం ఆకారంలో కోసిన కట్టెపలక, దాని అడుగున ముందొక దిమ్మ, వెనకొక దిమ్మ, పైన బొటనవేలికీ పక్కవేలికీ నడుమ ఒక గుబ్బ. పట్టీ లేదు, పైన తోలు లేదు. నడిచినంతసేపూ ఆ రెండు వేళ్ళే గుబ్బను బిగించి పట్టుకోవాలి. పాంకోళ్ళు 'మెట్టుకొని' వచ్చాడు అనేవాళ్ళు పాతవాళ్ళు. మెట్టడం అంటే తొక్కడం. చక్కని క్రియ, వాడుకలోంచి జారిపోతోంది. పాంకోళ్ళనే తమిళులు మిదియడి అనీ మలయాళీలు మెతియడి అనీ అంటారు, తొక్కేది అన్న భావంతోనే. క్లాగ్‌లో గుబ్బ ఉండదు. పాదం ముందు సగాన్ని తోలు కప్పుతుంది, ఆ తోలును కట్టె అంచు చుట్టూ మొలలతో బిగిస్తారు. పాంకోళ్ళు అని రాస్తే కొనేవాళ్ళు గుబ్బ ఏదని వెతుక్కుంటారు.

పాంకోళ్ళకు నిజంగా దగ్గరివి జపాను వాళ్ళ గెటాలు. వాటికీ అడుగున రెండు కట్టె పళ్ళుంటాయి, గుబ్బ ఉండాల్సిన చోటి నుంచి రెండు పట్టీలు చీలి పాదానికి ఇరువైపులా దిగుతాయి. మీ దుకాణంలో అవి ఉంటే 'జపాను పాంకోళ్ళు' అని నిస్సంకోచంగా రాయండి.

ఇక క్లాగ్స్ అనే మాట. ఇప్పుడు చౌరస్తా దుకాణాల్లో క్లాగ్స్ అడిగితే చిల్లులున్న, స్పాంజి లాంటి తేలికపాటివి తీసి చూపిస్తారు. అందుకని ఉత్త క్లాగ్స్ అంటే చాలదు. 'చెక్క బూట్లు' అన్న అనువాదం డచ్చివాళ్ళ వాటికి మాత్రమే సరిపోతుంది, అవి పైనా కిందా మొత్తం కట్టెలో తొలిచినవి. స్వీడన్ తరహావి, అంటే అడుగు కట్టె, పైభాగం తోలు అయినవి, 'కట్టె సోలు క్లాగ్స్'. కట్టె అనాలా, చెక్క అనాలా అని కూడా సందేహం రావచ్చు. కోస్తాలో కట్టె అంటే ముందుగా పొయ్యిలోది. మన దగ్గర కట్టెకోత మిషన్ అంటాం, తలుపు కూడా కట్టెదే. వరంగల్ కొనుగోలుదార్లకు కట్టె అనే రాయండి. ఒక పేజీలో కట్టె, మరో పేజీలో చెక్క అని రాస్తే అవి రెండు రకాలనుకుంటారు.

చెప్పు అడుగుకు అసలైన తెలుగుమాట 'అట్ట'. కన్నడంలోనూ అట్టె అంటారు. కానీ ఇవాళ అట్ట అనగానే అట్టపెట్టెలో అట్ట గుర్తొస్తుంది. 'కట్టె అట్ట చెప్పులు' అని రాస్తే చదివేవాళ్ళు తికమకపడతారు. నాకు అట్ట అనే మాట మీద మమకారం ఉన్నా, దుకాణం రాతకు 'సోలు' వాడమనే చెబుతాను. రబ్బరు చెప్పులు, రైలు బండి అన్నప్పుడు లేని ఇబ్బంది కట్టె సోలుకు రాదు.

సోలు, హీలు కలిపేయడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కట్టె సోలు అంటే వేళ్ళ నుంచి మడమ దాకా కట్టెనే. అది వంగదు. వంగదు కనుకనే ముందు భాగాన్ని కాస్త పైకి ఎత్తి చెక్కుతారు, అప్పుడు పాదం దాని మీద దొర్లినట్టు ముందుకు పడుతుంది. క్లాగ్స్ మీద మక్కువ ఉన్నవాళ్ళు కోరేది ఆ నడకనే. కట్టె హీలు అంటే మడమ కింది దిమ్మ ఒక్కటే కట్టె, ముందుభాగం మామూలుగా వంగుతుంది. ఒకదానికి బదులు ఇంకోటి రాస్తే కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి పడేస్తారు. ఇంకొన్నిటిలో కట్టె అసలే ఉండదు, ప్లాస్టిక్ మీద కట్టె గీతలు అచ్చువేసి ఉంటాయి. వాటికి 'కట్టె రంగు' అనాలి. పైన పలుచని పేడు అతికించినవాటికి 'కట్టె పొర' అనాలి. మాట పొదుపుకోసం ఈ రెంటినీ ఉత్త 'కట్టె' అనేస్తే అది అబద్ధమే అవుతుంది.

వెడ్జ్‌కు 'వాలు సోలు' సరిపోతుంది. మడమ దగ్గర ఎత్తుగా మొదలై, నడుమ ఖాళీ లేకుండా వేళ్ళ వైపు వాలిపోతుంది కదా. ఇటలీలో చెప్పుల రూపకర్త సాల్వతోరె ఫెర్రగామో 1930ల్లో ఈ తీరును కార్క్‌తో చేసి పేరు తెచ్చాడు. కార్క్‌కు తెలుగు 'బెండు'. మన జీలుగు బెండు మొక్క కాండంలోది, కార్క్ మధ్యధరా ప్రాంతపు ఓక్ చెట్టు బెరడు. అయినా తేలిక, మెత్తదనం రెంటికీ ఒకటే, కనుక మాట అతుకుతుంది. 'బిరడా' అనకూడదు, అది సీసా మూత. 'బెండు వాలు సోలు' అని మూడు మాటలు రాస్తే సరుకు ఏమిటో, తీరు ఏమిటో రెండూ తెలిసిపోతాయి.

ప్లాట్‌ఫారం అంటే కాజీపేట జంక్షన్ పక్కన ఉండేవాళ్ళకు రైలే మెదులుతుంది. ముందూ వెనకా ఒకే మందం ఉన్నవాటికి 'మందం సోలు' అనండి. ఎస్పడ్రిల్‌కు 'నార సోలు' చక్కని పేరు. ఎస్పడ్రిల్ అన్న పేరే యూరప్‌లో ఎస్పార్తో అనే నారగడ్డి నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా జనపనార వాడుతున్నారు. పక్కనే 'తడికి ఆగవు' అని చేర్చండి. నార నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరకపోతే కుళ్ళుతుంది. శ్రావణంలో కొన్నవాళ్ళకు ఆ రెండు మాటలూ అవసరం. మ్యూల్స్‌కు కొత్త మాట పుట్టించే పని లేదు. 'వెనక పట్టీ లేని మ్యూల్స్' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

వచనాల సంగతి కూడా చూడండి. తాడు తాళ్ళు అయినట్టే పాంకోడు పాంకోళ్ళు అవుతుంది, పాంకోలు అని రాయకూడదు. క్లాగ్స్‌లో ఇంగ్లీషు బహువచనం ముందే ఉంది, 'క్లాగ్సులు' అంటే రెండుసార్లు అన్నట్టు. క్లాగ్స్ అనైనా, బూటు నుంచి బూట్లు వచ్చినట్టు క్లాగులు అనైనా రాయవచ్చు. ధర దగ్గర మాత్రం 'ఒక జత' అని పెట్టండి.