ఇంట్లో డబ్బు కష్టం ఉన్నప్పుడు పిల్లలకి సముద్ర సాహస కథ చదివించొచ్చా?

చదివించండి, దాచకండి. మీ పదేళ్ల బాబు ఒక సముద్ర సాహస నవల తెచ్చుకున్నాడు, అందులో తండ్రి అప్పులపాలైతే కొడుకు ఓడ ఎక్కి పనిలో చేరతాడు, మీ ఇంట్లో కూడా ఈమధ్యే ఉద్యోగం పోయింది, ఇలాంటప్పుడు ఆ పుస్తకం చదివితే వాడికి ఇంకా టెన్షన్ పెరుగుతుందేమో అని కదా మీ భయం. మా ఆయనకి జీతం ఆగిపోయిన రోజుల్లో మా పెద్దమ్మాయికి ఇలాంటి కథే రోజూ రాత్రి చదివాం. దాంతో నాకు తెలిసింది చెప్తాను.

ఇంట్లో ఇబ్బంది ఉందని మనం చెప్పకపోయినా పదేళ్ల పిల్లలకి తెలిసిపోతుంది. ఫోన్ మోగగానే అమ్మ పక్క గదిలోకి వెళ్లడం, నాన్న పగలంతా ఇంట్లోనే ఉండటం, పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, అన్నీ చూస్తూనే ఉంటారు. వాళ్లకి తెలియనిదల్లా ఆ కష్టం ఎంతటిది, ఎప్పటిదాకా అన్నదే. తెలియదు కాబట్టి ఉన్నదానికన్నా చాలా పెద్దది ఊహించుకుంటారు. మా అమ్మాయి ఏకంగా మేం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతామని, తనని ఎవరో బంధువుల దగ్గర వదిలేస్తామని అనుకుంటూ ఉందట. మాకు ఆ ఆలోచనే లేదు! అది బయటపడింది ఆ నవల వల్లే. కథలో తల్లి అప్పులవాళ్ల ఉత్తరాన్ని పిల్లలకి కనపడకుండా దాచే చోట నన్ను ఆపి, "మనకీ అలాంటి ఉత్తరాలు వస్తున్నాయా?" అని అడిగింది. మా ఆయన పుస్తకం పక్కన పెట్టించి ఉన్నదున్నట్టు చెప్పారు. జీతం ఆగింది, దాచుకున్న డబ్బు కొన్ని నెలలకి సరిపోతుంది, ఫలానావి మానేస్తున్నాం, నీ చదువు మాత్రం మానిపించం అని. అదే విషయం మేం ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడదాం అంటే ఆ పిల్ల నోరు విప్పేది కాదు. కథలో కుర్రాడి గురించి అడుగుతున్నట్టే తన గురించి అడిగేసింది.

అయితే ఇలాంటి కథలన్నీ ఒకటి కావు. నేను చూసేది ఒకటే, కథలో పిల్లవాడికి నిజమైన పని ఉందా లేదా. పుస్తకం మధ్యలో ఎక్కడైనా తెరిచి నాలుగు పేజీలు చదవండి. వాడు పడవలో చేరిన నీళ్లు తోడుతున్నాడా, తాడు ముడి వేయడం నేర్చుకుంటున్నాడా, చుక్కాని పట్టుకుంటున్నాడా, లేక పెద్దవాళ్లు "ధైర్యంగా ఉండు" అని చెబుతుంటే వింటూ కూర్చున్నాడా? మొదటి రకం పుస్తకమైతే కళ్లు మూసుకుని ఇచ్చేయండి. రెండోది ఇంట్లో అసలే భయపడుతున్న పిల్లలకి పనికిరాదు, ఎందుకంటే ధైర్యంగా ఉండమంటే ఏం చేయాలో ఆ వయసులో ఎవరికీ తెలియదు, అదే ఈ తాడు పట్టుకో అంటే తెలుస్తుంది.

పట్టుదల అనే మాట వాడకుండానే సముద్రం దాన్ని చూపిస్తుంది. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. చాలా పడవలు గాలి వచ్చే దిక్కుకి సుమారు 45 డిగ్రీలు పక్కగానే పోగలవు, కాబట్టి గాలి వచ్చే వైపుకే వెళ్లాలంటే కాసేపు ఎడమకి, కాసేపు కుడికి వంకర టింకరగా పోవాల్సిందే. రేవు కళ్లెదుటే కనిపిస్తున్నా చేరడానికి పూటంతా పట్టొచ్చు. మా అమ్మాయి దీన్ని కాగితం మీద గీసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నాక ఆ అధ్యాయం మళ్లీ చదివించుకుంది. ఓడల్లో కాపలా పద్ధతి కూడా అలాగే నచ్చింది తనకి. నాలుగేసి గంటల వంతులు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మాత్రం రెండేసి గంటలు. అలా విడగొట్టడం వల్ల వంతులు మారుతూ పోతాయి, నడిరాత్రి కాపలా రోజూ ఒకరి మీదే పడదు. ఇల్లు నడపడానికి ఇంత మంచి ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు.

"ఇవన్నీ కథలే కదా, నిజంగా జరుగుతాయా?" అని మీ బాబు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. అప్పుడు నథానియల్ బౌడిచ్ గురించి చెప్పండి. అమెరికాలో సేలం అనే రేవు పట్టణంలో 1773లో పుట్టాడు. తండ్రి ఒకప్పుడు ఓడ కెప్టెన్, తర్వాత పీపాలు చేసే పనిలోకి దిగాడు, ఇల్లు గడవక కొడుకుని పదేళ్లకే బడి మాన్పించి ఆ పనిలో పెట్టాల్సి వచ్చింది. పన్నెండేళ్లకి ఓడలకి సామాన్లు అమ్మే దుకాణంలో ఏళ్ల తరబడి ఒప్పందం మీద గుమాస్తాగా చేరాడు. అక్కడ ఉంటూనే లెక్కలు సొంతంగా నేర్చుకున్నాడు, న్యూటన్ రాసింది చదవడానికి లాటిన్ కూడా నేర్చుకున్నాడు. తర్వాత ఓడ ఎక్కాక, నావికులు అందరూ నమ్మి వాడుతున్న పట్టికల్లో వేల తప్పులు పట్టుకున్నాడు. ఆ పట్టికలో అంకె తప్పైతే ఓడ ఎక్కడుందో తప్పుగా లెక్కేస్తారు, చీకట్లో వెళ్లి రాళ్లకి గుద్దుకోవచ్చు. 1802లో తనే ఒక పుస్తకం వేశాడు, దాని కొత్త ముద్రణలు అమెరికా ప్రభుత్వం ఇప్పటికీ తెస్తూనే ఉంది. నాకు ఈయన జీవితంలో బాగా నచ్చేది ఏంటంటే, ఏ నిధీ దొరకలేదు, ఏ ధనవంతుడూ వచ్చి దత్తత తీసుకోలేదు, ఆ దుకాణంలో కూర్చునే అంతా మొదలుపెట్టాడు.

నిధి దొరికే కథలంటే నాకు ఈ సందర్భంలో అంత ఇష్టం లేదు. మామూలు రోజుల్లో సరదాగా చదవొచ్చు. కానీ ఇంట్లో కష్టం నడుస్తున్నప్పుడు చివర్లో ఒక పెట్టె దొరికి అప్పులన్నీ తీరిపోయాయి అంటే పిల్లలు మన ఇంటికి ఆ పెట్టె ఎప్పుడొస్తుందా అని చూస్తారు. కుర్రాడు తిరిగొచ్చేసరికి ఇల్లు అలాగే ఉండి, అప్పు కొంతే తీరి, ఇంట్లో వాడి మాటకి మాత్రం విలువ పెరిగిన కథ ఉంటే అది వెతికి ఇవ్వండి. తండ్రిని చేతకానివాడిగా చూపించే పుస్తకాలు కూడా వద్దు, ఉద్యోగం పోయిన నాన్న పక్కనే కూర్చుని వింటున్నప్పుడు అసలే వద్దు.

కుటుంబం మొత్తం కలిసి బయటపడిన నిజ సంఘటన కావాలంటే రాబర్ట్‌సన్ కుటుంబం ఉంది. 1972 జూన్‌లో పసిఫిక్ మహాసముద్రంలో గాలపగోస్ దీవులకి పడమరగా వెళ్తుంటే ఓర్కా తిమింగలాలు గుద్ది వాళ్ల పడవ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. తల్లి, తండ్రి, పెద్దకొడుకు, చిన్నవాళ్లైన కవల అబ్బాయిలు, వాళ్లతో వచ్చిన ఒక విద్యార్థి, మొత్తం ఆరుగురు. గాలి నింపే తెప్ప కొన్నాళ్లకి పాడైపోతే అందరూ ఒక చిన్న పడవలో సర్దుకున్నారు. వాన నీళ్లు పట్టుకుని తాగారు, తాబేళ్లని పట్టి తిన్నారు, 38 రోజులకి ఒక జపాన్ చేపల ఓడ వాళ్లని చూసి ఎక్కించుకుంది. ఆరుగురూ బతికారు. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి చుట్టూ అన్ని నీళ్లుండగా వాన కోసం ఎదురుచూడటం ఎందుకంది. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన మూత్రపిండాలు అంత గాఢంగా ఉప్పుని బయటికి పంపలేవు, అందుకని తాగిన నీళ్లకన్నా ఎక్కువ నీళ్లు ఒంట్లోంచి పోతాయి, దాహం పెరుగుతుందే గానీ తీరదు. ఇలాంటి ప్రశ్నలు వస్తున్నాయంటే పిల్ల భయపడటం మానేసి ఆలోచిస్తోందని అర్థం, ఆపకండి.

మాకు ఇంకొకటి కలిసొచ్చింది. కథలో కుర్రాడు ఓడ దినచర్య పుస్తకం రాస్తాడు, అది చూసి మా అమ్మాయి ఇంటి ఖర్చుల పుస్తకం తను రాస్తానంది. మొదట నాకు మనసొప్పలేదు, చిన్నపిల్లకి ఈ బరువెందుకని. కానీ రాయనిచ్చాం. అంకెలు తన చేతిలోకి వచ్చాక రాత్రిళ్లు లేచి కూర్చోవడం తగ్గింది, మా ఆయనకి మళ్లీ పని దొరికాక కూడా ఆ పుస్తకం మాకు తిరిగి ఇవ్వలేదు.

ఇచ్చే ముందు చివరి రెండు అధ్యాయాలు మీరు ఒకసారి చూసుకోండి. తండ్రి చనిపోయే కథ అయితే ఇప్పుడు కాదు, తర్వాత. తుఫాను అధ్యాయం మధ్యలో ఆపి లైటు తీసేయకండి, ఆలస్యమైనా గాలి తగ్గేదాకా చదివి ఆపండి. ఏడేళ్ల చెల్లి కూడా వినొచ్చా అన్నారు కదా, వినొచ్చు, పక్కన పడుకోబెట్టుకోండి. ఆ వయసుకి అప్పుల సంగతి పెద్దగా పట్టదు, మా చిన్నది కథ మొత్తంలో ఓడ మీది పిల్లికి అన్నం ఎవరు పెడుతున్నారనే అడిగింది.