ప్రాంసరీ నోటుకు గడువు దగ్గరపడింది: దావా వేయాలా, రాజీ పడాలా?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఇల్లు కట్టుకుంటానంటే మా బంధువుకు ప్రాంసరీ నోటు మీద రూ. 6 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాను. మొదటి ఏడాది వడ్డీని ఫోన్ ద్వారా నా ఖాతాకు పంపి, తర్వాత ఆపేశాడు. ఇంకో రెండు నెలల్లో నోటుకు మూడేళ్లు నిండుతాయి. ఏడాదిలో నాలుగు విడతలుగా రూ. 4.80 లక్షలు ఇప్పిస్తామని పెద్దమనుషులు అంటున్నారు. కొందరు దావా వేయమంటున్నారు, కొందరు అప్పుల ట్రిబ్యునల్‌కు వెళ్లమంటున్నారు. రిజిస్టరైన చిట్‌ఫండ్ సంస్థలో పాడుకున్న చీటీ డబ్బు కూడా అందలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ట్రిబ్యునల్ మాటను పక్కన పెట్టండి. రుణ వసూళ్ల ట్రిబ్యునల్ బ్యాంకులు, ఆర్థిక సంస్థలు తమకు రావలసిన రూ. 20 లక్షలు, అంతకు మించిన బాకీల కోసం వెళ్లే చోటు. వ్యక్తులు ఒకరికొకరు ఇచ్చుకున్న చేబదుళ్లను అది విచారించదు.

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. చెల్లింపు తేదీ ప్రత్యేకంగా రాయని నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతోంది. ఆ లోగా వడ్డీ గానీ అసలులో కొంత గానీ చెల్లించి, చెల్లించినట్లు బాకీదారు స్వయంగా రాస్తేనో సంతకం చేస్తేనో గడువు ఆ చెల్లింపు నాటి నుంచి కొత్తగా మొదలవుతుంది. మన వైపు నోటు వెనుక చెల్లు వేయించుకునే ఆచారానికి ఉన్న బలం ఇదే. మీకు వడ్డీ ఫోన్ ద్వారా వచ్చింది, నోటు వెనుక సంతకం లేదు. కాబట్టి గడువు పెరిగిందని అనుకోకుండా, రెండు నెలలే మిగిలాయన్న లెక్కతోనే నడవడం క్షేమం. పెద్దమనుషుల ఎదుట మాటలు సాగుతున్నంత మాత్రాన ఈ గడువు ఆగదు. బంధుత్వం చెడకూడదని ఎదురుచూస్తూ నోటును కాలదోషం పట్టనిచ్చిన కుటుంబాలను చూసిన బాధతో ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక పెద్దమనుషులు చెప్పిన మొత్తం విషయానికి వస్తే, అది తీసిపారేయదగినది కాదు. రూ. 4.80 లక్షలు ఏడాదిలోగా చేతికి వచ్చి, ఆ తర్వాత మూడేళ్లు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే దాదాపు రూ. 5.88 లక్షలు అవుతుంది. దావా నాలుగేళ్లు సాగితే అప్పటికి మీ చేతిలో ఏముంటుందో దీనితో పోల్చి చూసుకోండి. కోర్టు రుసుము, న్యాయవాది ఖర్చు ముందే పెట్టాలి. దావా నడిచిన కాలానికి ఎంత వడ్డీ ఇవ్వాలన్నది కోర్టు విచక్షణ. వ్యాపార లావాదేవీ కాని ఇటువంటి అప్పుకు డిక్రీ (బాకీ చెల్లించాలని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) తర్వాతి వడ్డీ ఏడాదికి ఆరు శాతం మించదు. డిక్రీ వచ్చాక సొమ్ము రాబట్టుకోవడానికి వేసే అమలు పిటిషన్ మరో దశ. పదవీ విరమణ సొమ్ముతో జీవించే మీకు కొంత తగ్గించుకుని త్వరగా తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం, అయితే ఆ ఒప్పందం నోటిమాటగా మిగలకూడదు.

అందుకే దానిని లోక్ అదాలత్ ముందుకు తీసుకువెళ్లండి. దావా వేయకముందే, కోర్టు రుసుము లేకుండా, మీ ఊరి కోర్టుల వద్ద ఉండే మండల న్యాయ సేవా కమిటీలో గానీ, కడపలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. ఇద్దరూ అంగీకరించి సంతకాలు చేశాక వెలువడే అవార్డు (రాజీ ఉత్తర్వు), 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం, సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. విడత తప్పితే మళ్లీ దావా వేయనక్కర లేకుండా నేరుగా అమలుకు వెళ్లవచ్చు. ఒక్క విడత తప్పినా రాయితీ రద్దై, చెల్లించినది పోను మిగిలిన అసలు మొత్తం, వడ్డీతో సహా ఒకేసారి చెల్లించాలన్న షరతును అందులో తప్పక రాయించండి. విడతలన్నీ బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఎందుకంటే రూ. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తిరిగి చెల్లించడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు.

మీ బంధువు రాకపోయినా, ఒప్పుకోకపోయినా సాధారణ లోక్ అదాలత్ అతడిని బలవంతపెట్టలేదు. కాబట్టి ఈ వారంలోనే నోటును తిరగరాసి ఇమ్మని అడగండి. అతడు రాయనంటే, గడువుకు మూడు వారాల ముందు వరకు మాత్రమే రాజీ కోసం చూసి, దావా వేసేయండి. దావా వేసినంత మాత్రాన రాజీకి దారి మూసుకుపోదు. పెండింగ్ కేసు లోక్ అదాలత్‌లో పరిష్కారమైతే కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది.

చీటీ సంగతి వేరు. రిజిస్టరైన చీటీలో సంస్థకు, చందాదారుకు మధ్య వచ్చే వివాదాన్ని 1982 నాటి చిట్‌ఫండ్ చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం చిట్స్ రిజిస్ట్రార్ ఎదుటే మధ్యవర్తిత్వానికి పెట్టాలి. సివిల్ కోర్టు దానిని తీసుకోదు. అయితే పాడుకున్న మొత్తం ఇచ్చేముందు హామీదారులను అడిగే హక్కు సంస్థకు ఉంది గనుక, మీ వైపు నుంచి ఆ పత్రాలన్నీ అందాయో లేదో చూసుకుని, అందినట్లు రసీదు తీసుకున్నాకే పాస్‌పుస్తకం, చీటీ ఒప్పందం నకలుతో ఫిర్యాదు ఇవ్వండి.